తిరుపతి నుంచి స్పితికి, చలికాలంలో, ఒంటరిగా: బండికి ఏం కావాలి, మనకేం కావాలి

డిసెంబరులో తిరుపతి ఇళ్లలో పొద్దున్నే కొబ్బరినూనె సీసాని ఎండలో పెట్టడం మామూలే. చలి 24 డిగ్రీల కంటే కిందికి దిగితే చాలు, నూనె తెల్లగా పేరుకుపోయి, సీసా తలకిందులు చేసినా చుక్క రాదు. మనకు తెలిసిన చలి అంతవరకే. హిమాచల్ కొండల్లోని కాజాలో ఫిబ్రవరి రాత్రి మైనస్ 20 దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది. అక్కడికి బండి తీసుకెళ్లేవాళ్లు బండిలో ఉన్న ప్రతి ద్రవం గురించీ ఆ సీసాని తలుచుకోవాలి. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం), ఇంజినాయిల్, డీజిల్, అద్దం కడిగే నీళ్లు, ఆఖరికి డబ్బాలో తీసుకెళ్లే ఆవకాయ కూడా.

నేను పోయింది ఫిబ్రవరిలో, పెట్రోల్ థార్‌లో, ఒక్కడినే. హిమాచల్‌లో సిమ్లా, కిన్నౌర్ మీదుగా స్పితి లోయలోని కాజా దాకా పోయి అదే దారిన వెనక్కి వచ్చాను. మళ్లీ పోవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. ముందే ఒక మాట చెప్పేస్తా. కొండ రోడ్ల మీద మీకిదే మొదటిసారైతే జూన్‌లో పోండి, తోడు ఎవరినైనా తీసుకుపోండి. చలికాలమూ, ఒంటరి ప్రయాణమూ, కొత్త డ్రైవరూ ఈ మూడూ ఒకే బండిలో ఎక్కకూడదు.

రెండో మాట: ఫోర్ బై ఫోర్, అంటే ఇంజిన్ బలాన్ని నాలుగు చక్రాలకీ అందించే ఏర్పాటు, బండిని కదిలిస్తుంది, ఎక్కిస్తుంది, ఆపదు. బ్రేకులు ఆల్టోకైనా నాలుగు చక్రాలకే ఉంటాయి, థార్‌కైనా నాలుగు చక్రాలకే ఉంటాయి. మంచు మీద ఆగాల్సి వచ్చినప్పుడు మీ లివర్ ఎక్కడుందో ఆ మంచుకు అక్కర్లేదు. పైగా ఫోర్ బై ఫోర్‌లో ఉన్నామన్న ధైర్యంతో మామూలు కారువాడు వెనక్కి తిరిగే చోటు దాటి ఇంకో ఐదు కిలోమీటర్లు లోపలికి పోయి ఇరుక్కుంటాం.

దారి సంగతి

స్పితికి రెండు దారులు. మనాలి వైపు నుంచి 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ దాటి పోయేది దగ్గరే గానీ, ఆ దారిలో 4,500 మీటర్ల పైన ఉన్న కుంజుమ్ లా కనుమ చలికాలమంతా మంచుతో మూసుకుపోతుంది. కాబట్టి మిగిలేది సిమ్లా దారి ఒక్కటే. ఇది పొడుగు దారే, కానీ ఎత్తు మెల్లగా పెరుగుతుంది కాబట్టి ఒంటికి ఇదే మంచిది. నేను రాత్రిళ్లు ఆగిన ఊర్లు వరసగా చెప్తా: నార్కండ 2,700 మీటర్లు, కల్పా 2,960, తాబో 3,280, కాజా 3,650. మూడు వేల మీటర్ల పైకి పోయాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదంటారు, ఈ వరస దానికి సరిగ్గా సరిపోతుంది. కల్పాలో రెండు రాత్రులు ఉండండి. ఎదురుగా కిన్నర్ కైలాస్ కనపడుతూ ఉంటుంది, బోరు కొట్టదు.

తిరుపతి నుంచి కాజా దాకా మూడు వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ. కడప, కర్నూలు, అక్కడి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే హైదరాబాద్, నాగ్‌పూర్, ఝాన్సీ, ఆగ్రా. ఢిల్లీ ఊర్లోకి పోకుండా పల్వల్ దగ్గర పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి కుండ్లీ దగ్గర దిగొచ్చు. మొదటి నాలుగు రోజుల గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు, రోడ్డు బాగుంటుంది, నిద్రొస్తుంది. ఒక్క పొగమంచు సంగతి మాత్రం చెప్పాలి. గ్వాలియర్ దాటాక అంబాలా దాకా జనవరి, ఫిబ్రవరి తెల్లవారుజాముల్లో ముందు లారీ వెనక లైట్లు కూడా కనపడవు. మన వైపు తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎండ ముదరకముందే కొంత దూరం లాగేయడం అలవాటు కదా, ఆ అలవాటు అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. తొమ్మిది దాటాకే బయల్దేరండి. నా మటుకు నాకు ఈ ట్రిప్పు మొత్తంలో అన్నిటికంటే భయమేసింది మంచు కొండల్లో కాదు, ఈ పొగమంచులోనే.

ఇక్కడే, ఇంటి దగ్గరే చేయాల్సినవి

బండిలో మొట్టమొదట చూడాల్సింది కూలెంట్. మన ఎండలకు రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే ఎవరో ఒకరు ఒక బాటిల్ నీళ్లు పోసేస్తారు, నడిచిపోతుంది. పోసీ పోసీ చివరికి లోపల కూలెంట్ పేరుకే మిగులుతుంది. ఆ నీళ్లు కాజాలో రాత్రికి రాత్రి గడ్డకట్టి వ్యాకోచిస్తే ఇంజిన్ బ్లాకే పగలొచ్చు. నా బండి వర్క్‌షాపులో చూపించి “మైనస్ ఇరవైకి పోతున్నా, సరిపోతుందా” అని అడిగితే, మూత తీసి రంగు చూసి “పచ్చగానే ఉంది కదన్నా, ఏం కాదు” అన్నారు. రంగు చూసి చెప్పే సంగతి కాదిది. ఇంటికొచ్చి ఇంజిన్ చల్లారాక కాస్త కూలెంట్ తీసి, ఒక ఖాళీ టాబ్లెట్ల సీసాలో సగం దాకా పోసి, మూత బిగించి, రెండు కవర్లు చుట్టి, పైన మార్కర్‌తో విషం అని రాసి ఫ్రీజర్‌లో ఒక మూల పెట్టాను. ఇళ్లలో ఫ్రీజర్ సుమారు మైనస్ 18 ఉంటుంది, అంటే కాజా రాత్రి మన వంటింట్లోనే ఉందన్నమాట. పొద్దున మా అమ్మ ఐస్ కోసమని తెరిచి “ఏందిరా ఇది, ఐసులో విషం పెట్టినావు?” అని కేకేసింది. తీసి చూస్తే లోపల పచ్చగా, గోలీ సోడా ఐస్‌లాగా, పలుకులు పలుకులుగా గడ్డకట్టి ఉంది. అదే నా రేడియేటర్‌లో ఉన్నది.

ఆ రోజే మొత్తం తీయించి, లోపల కడిగించి, కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పోయించాను. సగం సగం కలిపితే సుమారు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. చలి ఎక్కువ కదా, మొత్తం కూలెంటే పోసేద్దాం అనుకోకండి, కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ ఒక్కటే ఉంటే మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. నీళ్లతో కలిస్తేనే దాని పని. ఇప్పుడు ముందే నీళ్లు కలిపి అమ్మే డబ్బాలు కూడా ఉన్నాయి, వాటిలో మళ్లీ నీళ్లు పోయకూడదు, డబ్బా మీద చదవండి. ఈ ఫ్రీజర్ పరీక్ష చేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, కూలెంట్ తియ్యగా ఉంటుంది, కొంచెం తాగినా కిడ్నీలు పోతాయి. పిల్లలున్న ఇంట్లో ఈ పని వద్దు, డెన్సిటీ చూసే హైడ్రోమీటర్ తక్కువ ధరకే దొరుకుతుంది, అది కొనుక్కోండి.

డీజిల్ బండి అయితే కొబ్బరినూనె కథ అచ్చంగా అదే. డీజిల్‌లో ఉండే మైనం చలికి విడిపోయి ఫిల్టర్‌లో పేరుకుంటుంది, ఇంజిన్‌కి చుక్క దిగదు. ఇక్కడ తిరుపతిలో నింపిన డీజిల్ అక్కడ పనికిరాదు కాబట్టి కొండ ఎక్కేటప్పటికి ట్యాంకు దాదాపు ఖాళీ చేసుకుని, పైన బంకుల్లో నింపుకోవాలి. ఇండియన్ ఆయిల్ 2019లో లడఖ్ కోసం మైనస్ 33 దాకా పారే డీజిల్ తెచ్చింది, అలాంటిది దొరికే చోట అదే పోయించుకోండి. పెట్రోల్‌కి ఈ బాధ లేదు. నేను పెట్రోల్ బండి ఎంచుకున్నది మైలేజీ చూసి కాదని మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇంజినాయిల్ డబ్బా మీద 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30 అని ఉంటుంది కదా, అందులో డబ్ల్యూ అంటే చలికాలం. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆయిల్ అంత పల్చగా ఉండి, స్టార్ట్ చేయగానే పైకి పారుతుంది. మీ మాన్యువల్ ఒప్పుకునే వాటిలో చిన్న అంకె ఉన్నది పోయించండి. బ్యాటరీ మూడేళ్లు దాటి ఉంటే ఆలోచించకుండా మార్చేయండి, మైనస్ 18లో బ్యాటరీకి ఇంజిన్ తిప్పే బలం సుమారు సగానికి పడిపోతుంది. మన ఊరి పక్కన కరకంబాడిలో బ్యాటరీలు తయారవుతుంటే మనం సగం చచ్చిన బ్యాటరీతో కొండలెక్కడం ఏం బాగుంటుంది చెప్పండి.

టైర్ల గాలి విషయంలో ఒక తమాషా ఉంది. చలి పది డిగ్రీలు పెరిగితే గాలి సుమారు రెండు పీఎస్ఐ తగ్గుతుంది. ఇంకోవైపు ఎత్తు పెరిగేకొద్దీ బయటి గాలి పల్చబడి గేజ్‌లో ఎక్కువ చూపిస్తుంది, కాజా ఎత్తులో ఇది ఐదు పీఎస్ఐ దాకా ఉంటుంది. ఒకటి తగ్గిస్తుంది, ఒకటి పెంచుతుంది. కాబట్టి ఇంట్లో లెక్కలేసి పెట్టుకుంటే లాభం లేదు, సొంత గేజ్, ప్లగ్గులో పెట్టే చిన్న కంప్రెసర్ దగ్గరుంచుకుని రోజూ పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు అక్కడే కొలుచుకోవాలి. అసలు మంచు టైర్లు మన దేశంలో దొరకడం కష్టం, మంచి ఆల్ టెరైన్ టైర్లు, కొత్త గాడులున్నవి వేసుకుంటే చాలు, మిగతాది మంచులో జారకుండా టైర్లకు చుట్టే చైన్లు చూసుకుంటాయి.

చైన్ల గురించి ఒకటే చెప్తా. కొన్న రోజే విప్పి వేసి చూడండి. నేను మొదటిసారి మా ఇంటి ముందు, పట్టపగలు, టీ తాగుతూ వేస్తే ఒక చక్రానికి 35 నిమిషాలు పట్టింది, అదీ తిరగేసి వేశాను, కొక్కేలు టైరు వైపుకి ఉన్నాయి. తర్వాత ప్రతి ఆదివారం వేసి తీశాను, చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, ఒకసారి చీకట్లో టార్చ్ నోట్లో పెట్టుకుని. వీధిలో వాళ్లు ఎండాకాలం రాబోతుంటే ఈ గొలుసులేంటి అని నవ్వారు, నవ్వనీండి. ఒక చక్రం ఏడు నిమిషాల్లోపు వేయగలిగాకే బయల్దేరాను. నాలుగు చక్రాలకీ ఉంటే మంచిది, రెండే ఉంటే ముందా వెనకా అన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. చైన్లతో 30, 40 దాటకూడదు, మంచు లేని తారు రోడ్డు మీద అసలు నడపకూడదు, తెగి ఫెండర్‌ని చీరేస్తాయి.

ఫోర్ బై ఫోర్ లివర్ కూడా ఇక్కడే అలవాటు కావాలి. థార్, జిమ్నీ లాంటి వాటిలో 4హెచ్ వేస్తే ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకదానికొకటి బిగిసిపోతాయి. మలుపులో ముందు చక్రాలు తిరిగే దూరం వేరు, వెనక చక్రాలు తిరిగే దూరం వేరు, ఆ తేడాని జారే నేల సర్దుకుంటుంది గానీ పొడి తారు సర్దుకోదు, ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడి బండి గునుస్తుంది. అందుకే మంచు, బురద, కంకర ఉన్నచోట 4హెచ్, పొడి రోడ్డు రాగానే మళ్లీ 2హెచ్, అంటే రెండు చక్రాలకే బలం. బాగా నిటారుగా ఎక్కడానికి, అంతకంటే ముఖ్యంగా జారుడు మీద దిగడానికి 4ఎల్, అంటే నాలుగు చక్రాలకీ బలం, కానీ బాగా మెల్లగా. వాన పడ్డాక ఏదైనా చెరువు లోపలి బంకమట్టిలో, రైతుని అడిగి, మెల్లగా నడిపి చూడండి. మంచుకు అన్నిటికంటే దగ్గరగా మనకు దొరికేది ఆ తడి బంకమన్నే.

దిగడం నేర్చుకోవడానికి మనకంటే అదృష్టవంతులు ఎవరున్నారు? తిరుమల నుంచి దిగేది 1944లో తెరిచిన పాత ఘాట్, 40 నిమిషాల కంటే ముందే కిందికి వచ్చేస్తే ఫైన్ వేస్తారని అందరికీ తెలుసు. దాని మీద బ్రేకు మీద కాలు పెట్టకుండా రెండో గేరులోనే, ఇంజిన్ పట్టుతోనే అలిపిరి దాకా రాగలరా చూడండి. భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ కూడా సరే. హార్స్‌లీ హిల్స్ మీద డిసెంబరు రాత్రి బండిలోనే పడుకుని చూడండి, 1,265 మీటర్ల ఎత్తే, గడ్డకట్టే చలేం ఉండదు, కానీ మీ రగ్గు ఏపాటిదో తెలిసిపోతుంది. నా రగ్గు అక్కడే ఓడిపోయింది, దాంతో మైనస్ 15కి ఆగే స్లీపింగ్ బ్యాగ్ కొన్నాను.

బండిలో ఏం పెట్టుకోవాలి

పార, బండిని లాగే టో స్ట్రాప్, దాన్ని తగిలించే రెండు షాకిల్స్, చక్రాల కింద వేసే ట్రాక్షన్ బోర్డులు, జంపర్ కేబుల్, ఛార్జ్ చేసిన జంప్ స్టార్టర్ (రాత్రి గదిలోకి తీసుకుపోవాలి, చలికి దానికీ బలం తగ్గుతుంది), తలకు కట్టుకునే టార్చ్, స్టెప్నీ, చెక్కముక్క మీద పెట్టిన జాకీ. చెక్కముక్క ఎందుకంటే మెత్తని మంచులో జాకీ పైకి లేవదు, కిందికి దిగిపోతుంది.

బట్టల్లో కాటన్ వద్దు, చెమట పీల్చుకుని ఒంటికి అంటుకుని చల్లబడుతుంది. లోపల థర్మల్స్, మధ్యలో ఉన్నిది, పైన గాలి దూరని జాకెట్. మన ఊర్లో దొరికే మంకీ క్యాపులు, స్వెట్టర్లు తిరుమల చలికి సరిపోతాయి గానీ అక్కడికి చాలవు, బూట్లూ గ్లవ్సూ సిమ్లాలోనో రాంపూర్‌లోనో కొనుక్కోవడమే మేలు, అక్కడి చలికి ఏం కావాలో అక్కడి షాపువాళ్లకు తెలుసు.

తిండి విషయంలో నా సలహా బొరుగులు, చెనక్కాయల ఉండలు, బెల్లం, కారప్పొడి, నెయ్యి. ఆవకాయ తీసుకుపోయాను, కాజాలో మూడో రోజు మూత తీస్తే ముక్కలు పసుపుపచ్చ మైనంలో ఇరుక్కున్నట్టున్నాయి, చెనక్కాయ నూనె సున్నాకి కాస్త పైనే పేరుకుంటుందని అప్పుడు తెలిసింది. హోమ్‌స్టేలో ఇంటి మధ్య గదిలో ఇనప పొయ్యి ఉంటుంది, దాన్ని వాళ్లు తందూర్ అంటారు, దాని పక్కన డబ్బా పెడితే పది నిమిషాల్లో మామూలుగా అయింది. వాళ్ల థుక్పాలో (నూడుల్స్ సూపు) ఒక ముక్క వేసిచ్చాను, ఆ ఇంటావిడ మళ్లీ గిన్నె చాపింది.

కొండ ఎక్కాక

రెకాంగ్ పియో కింద పొవారీ దగ్గర ట్యాంకు నిండా కొట్టించండి. అక్కడి నుంచి కాజా సుమారు 200 కిలోమీటర్లు, కాజాలో బంకు ఉంది గానీ దాని మీదే ఆధారపడి ఖాళీ ట్యాంకుతో పోకండి. మంచులో మైలేజీ మన హైవే లెక్కలో ఉండదు. ట్యాంకు సగానికి దిగితే నాకు ఖాళీ అయినట్టే. నగదు కూడా సిమ్లాలోనే తీసుకోండి, సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే ఏం చేస్తుంది?

ఇప్పుడు అసలు విషయం, నల్ల మంచు. రోడ్డు మీద పల్చగా, గాజులా పేరుకున్న మంచు, కింద తారు కనపడుతుంది కాబట్టి ఊరికే తడిసిన రోడ్డులా ఉంటుంది. కల్పా నుంచి రెకాంగ్ పియోకి దిగుతున్నా, పొద్దున ఎనిమిదిన్నర. దేవదారు చెట్ల నీడలో ఒక మలుపు, రోడ్డు తడిగా మెరుస్తోంది. స్పీడు 20 కూడా లేదు. బ్రేకు మీద కాలు ఆనించానో లేదో, పెడల్ కింద ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగిసిపోకుండా చూసేది) టకటకా కొట్టుకోవడం మొదలైంది, స్టీరింగ్ చేతిలో తేలికైపోయింది, బండి నా ప్రమేయం లేకుండా, ఏ శబ్దమూ లేకుండా, పక్కకి నడిచింది. ఆ నిశ్శబ్దమే నాకిప్పటికీ గుర్తుంది. అదృష్టం కొద్దీ కొండ వైపుకి పోయి, పక్కన తోసిన మంచు కుప్పకి భుజం ఆనించి ఆగింది. దిగబోయి నేనూ పడ్డాను. పది నిమిషాలకి కింది నుంచి ఒక పికప్ డ్రైవర్ వచ్చి, బండిని కాదు, ఆకాశాన్ని చూసి “ధూప్ ఆనే దో భాయ్” అన్నాడు. ఎండ రానీ అని. అతనే వెనక నుంచి పార తీసి పక్కనున్న మట్టి రెండు బొచ్చెలు చక్రాల ముందు చల్లాడు.

ఆ రోజు నుంచి నా టైంటేబుల్ పది నుంచి మూడు. పదికి ముందు రాత్రి కట్టిన మంచు కరగదు, మూడు దాటాక పగలు కరిగి రోడ్డు మీదికి పారిన నీళ్లు మళ్లీ కట్టడం మొదలవుతుంది. నాలాలు, అంటే కొండ వాగులు, రోడ్డు దాటే చోట్లు, నీడ మలుపులు, వంతెనలు, ఈ మూడూ ఎప్పుడూ అనుమానించండి. రోడ్డు తడిగా కనపడి, ముందు బండి చక్రాల నుంచి నీళ్లు చిమ్మకపోతే అది నీళ్లు కాదు. మలుపులోకి పోకముందే, నేరుగా ఉన్నప్పుడే స్పీడు తగ్గించేయాలి, 4ఎల్‌లో ఒకటో రెండో గేరు, క్లచ్ నొక్కకుండా, యాక్సిలరేటర్ తొక్కకుండా, ఇంజిన్‌నే దింపనివ్వాలి. ఎక్కేటప్పుడు దీనికి తిరగేసి, ఒకే ఊపు, మధ్యలో ఆగొద్దు, చక్రం తిరుగుతూ బండి కదలకపోతే ఇంకా తొక్కకండి, పాలిష్ పట్టినట్టు గుంట నున్నగా అవుతుంది. దిగి తవ్వండి.

ఖాబ్ దగ్గర సట్లెజ్, స్పితి నదులు కలిసే చోటు దాటాక లోయ బోడిగా మారిపోతుంది, రాళ్లూ మట్టీ తప్ప ఏమీ ఉండదు. నాకో దగ్గర మలింగ్ నాలా లాంటి చోట్ల పైనుంచి రాళ్లు దొర్లుతుంటాయి. అక్కడ ఫొటోల కోసం ఆగకండి, పైకి చూసుకుంటూ దాటేయండి. తాబోలో ఆగినప్పుడు మఠం తప్పకుండా చూడండి, క్రీస్తుశకం 996లో కట్టింది, బయటికి మట్టి గోడలే, లోపల గోడల నిండా బొమ్మలు. టార్చ్ తీసుకుపోండి, ఫొటోలు తీయనివ్వరు.

రాత్రి బండిని ఆపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేయకండి, తడి మీద బిగిసిపోయి పొద్దున విడవదు. చదునైన చోట గేరులో పెట్టి చక్రాల కింద రాళ్లు పెట్టండి, పొద్దున ఆ రాళ్లు తీయడం మర్చిపోకండి. వైపర్లు లేపి నిలబెట్టాలి, అద్దం మీద అట్టముక్కో పాత దుప్పటో కప్పాలి. మంచు పేరుకున్న అద్దం మీద వేణ్నీళ్లు పోస్తే ఫట్‌మని పగులుతుంది, పాత ఏటీఎం కార్డుతో గీకండి. తలుపు రబ్బర్లకు ముందే గ్లిజరిన్ రాస్తే అతుక్కోవు. స్టార్ట్ చేశాక రేజ్ చేయకుండా నాలుగైదు నిమిషాలు ఊరికే వదిలేసి, మొదటి రెండు కిలోమీటర్లు మెల్లగా పోండి.

గదిలో చలేస్తోందని కిటికీలు మూసి నిప్పుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. బండిలో ఇరుక్కున్నా ఇదే భయం. ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వేయండి, గాలి రాని వైపు అద్దం ఒక వేలు దించండి, గంటకు పది నిమిషాలు మాత్రమే ఇంజిన్ వేయండి, మంచు పడుతూనే ఉంటే ప్రతిసారీ గొట్టం మళ్లీ చూడండి. బండి వదిలి నడుచుకుంటూ పోకండి.

కాజాలో గాలిలో మనకందే ఆక్సిజన్ తిరుపతిలో అందేదాంట్లో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువే. మొదటి రోజు తలనొప్పి చాలామందికి వస్తుంది. నీళ్లు తాగండి, మందు ముట్టకండి, మెట్లు కూడా మెల్లగా ఎక్కండి. తలనొప్పితో పాటు వాంతులు, నడుస్తుంటే తూలడం, మాట తడబడటం మొదలైతే పొద్దున దాకా చూద్దాం అనుకోకుండా అక్కడి ఆసుపత్రికి పోవాలి, కిందికి దిగాలి. ఎత్తు పడకపోతే వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి ఇక్కడే మీ డాక్టర్‌ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. ఒంటరిగా పోయేవాళ్లకు అసలు చిక్కేంటంటే తూలుతున్నావని చెప్పేవాడు పక్కన ఉండడు. నేనేం చేశానంటే రోజూ సాయంత్రం ఐదింటికి మా చెల్లెలికి ఫోన్ చేసేవాణ్ని, పొద్దున్నే ఆ రోజు ఏ ఊర్లో ఎవరింట్లో ఉంటానో మెసేజ్ పెట్టేవాణ్ని. ఎనిమిది దాటినా ఫోన్ రాకపోతే ఆ హోమ్‌స్టేకి, వాళ్లు ఎత్తకపోతే పోలీసులకి చేయాలని ముందే అనుకున్నాం. మాట తేడాగా ఉంటే అదే చెప్పేస్తుంది, ఒకరోజు “ఏంరా అన్నా, తాగినట్టు మాట్లాడతావుండావు” అంది, ఆ రోజు కీ మఠానికి పోవడం మానుకుని పడుకున్నాను.

చివరగా, వెనక్కి తిరగడం. ఇది ధైర్యం సంగతి కాదు, చోటు సంగతి. కొండ రోడ్డు మీద మంచులో రివర్స్‌లో రావడమంత కష్టం ఇంకోటి లేదు, కాబట్టి ఇక లాభం లేదని తెలిసేటప్పటికి తిప్పుకునే చోటు దాటిపోయి ఉండకూడదు. నేను ట్రిప్ మీటర్ సున్నా చేసుకుని, బండి తిప్పడానికి వీలున్న ప్రతి వెడల్పు చోటు దగ్గరా దాని అంకె ఒక కాగితం మీద రాసుకుంటూ పోయాను. కాజా నుంచి కిబ్బర్ మీదుగా చిచామ్ వంతెన చూద్దామని బయల్దేరిన రోజు నా కాగితం మీద చివరి అంకె 17.4. ఆ తర్వాత రోడ్డు మీద ముందు పోయిన బండి గాడులు పూడుకుపోతున్నాయి, మంచు చిన్నగా పడుతోంది, టైము ఒంటిగంటన్నర. ముందు ఎలా ఉందో నాకు తెలియదు, వెనక ఎలా ఉందో తెలుసు. 18.1 దగ్గర ఆగి, ఏడు వందల మీటర్లు రివర్స్‌లో, అద్దంలోంచి తల బయట పెట్టి, నడక కంటే మెల్లగా వచ్చి తిప్పాను. పావుగంట పైనే పట్టింది. అసలు 17.4 దగ్గరే ఆగాల్సింది. చిచామ్ వంతెన నేనింకా చూడలేదు.

తిరిగొచ్చాక బండి అడుగు భాగం నీళ్ల ప్రెషర్‌తో కడిగించండి, చైన్లు ఆరబెట్టి ఆయిల్ రాసి గోనెసంచిలో కట్టేయండి. టైర్ల గాలి మళ్లీ ఇక్కడి ఎండకు సరిచేయించాలి. బ్రేక్ ప్యాడ్లు, ఎయిర్ ఫిల్టర్, అలైన్‌మెంట్ చూపించండి. కూలెంట్ మార్చక్కర్లేదు, సగం సగం కలిపింది మన మే నెలకీ మంచిదే, తగ్గితే మాత్రం నీళ్లు పోయనివ్వకండి. తీసేసిన పాత కూలెంట్‌ని, ఆ ఫ్రీజర్ సీసాతో సహా, కాలవలో పారబోయకండి, తియ్యగా ఉంటుందని కుక్కలూ ఆవులూ తాగి చచ్చిపోతాయి. పాత ఇంజినాయిల్ తీసుకునే వర్క్‌షాపుని అడిగితే తీసుకుంటారు. నేను మూడు చోట్ల అడిగాను, మూడో చోట తీసుకున్నారు.